కుళ్లుకు కొలబద్ద

1852 జనవరిలో ఇంగ్లండు దక్షిణ తీరాన ఉన్న గాస్‌పోర్ట్ నౌకాదళ గిడ్డంగిలో అధికారులు మాంసం డబ్బాలు తెరవడం మొదలుపెట్టారు. ఓడల మీద నావికులకు పెట్టడానికి ప్రభుత్వం డబ్బు పోసి కొన్న డబ్బాలవి. మొదట తెరిచిన 306 డబ్బాల్లో తినడానికి పనికొచ్చినవి 42 మాత్రమే. మిగతావాటిలో కుళ్లిన మాంసం ముద్దలతో పాటు మనిషి తిండికి పనికిరాని జంతువుల అవయవాలూ కనిపించాయి. కంపు తట్టుకోలేక నేల మీద బ్లీచింగ్ పొడి చల్లుకుంటూ పని సాగించారు. సరఫరాదారు పేరు స్టీఫెన్ గోల్డ్‌నర్. అతని ఫ్యాక్టరీ ఇప్పటి రుమేనియాలోని గలాట్స్‌లో ఉండేది. 1845లో ఆర్కిటిక్‌కు బయలుదేరిన సర్ జాన్ ఫ్రాంక్లిన్ ఓడలకు డబ్బాలు పంపిందీ అతనే. ఆ ఓడల్లో వెళ్లిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. వాళ్ల చావుకు డబ్బాలే కారణమని తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవు. గాస్‌పోర్ట్‌లో బయటపడ్డది మాత్రం అందరూ కళ్లారా చూశారు.

పార్లమెంటు విచారణ సంఘాన్ని వేసింది. గోల్డ్‌నర్‌కు ఇక కాంట్రాక్టు ఇవ్వకూడదన్నారు. అంతకుమించి చేయడానికి బ్రిటన్‌లో అప్పటికి అన్ని ఆహార పదార్థాలకూ వర్తించే కల్తీ చట్టమే లేదు. అలాంటి మొదటి చట్టం రావడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది.

సంతలో వంకాయ కొనేటప్పుడు పుచ్చు ఉందేమోనని తిప్పి చూస్తాం. చేపల బజారులో మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూస్తాం. పాలు విరిగితే ముక్కే చెబుతుంది. డబ్బాకు సీలు పడ్డ క్షణంలో ఇవన్నీ కొనేవాడి చేతిలోంచి జారిపోతాయి. అమ్మే దుకాణదారుడికీ లోపల ఏముందో తెలియదు. తయారుచేసినవాడికి తప్ప ఎవరికీ తెలియని సంగతిని చట్టం ఎలా తెలుసుకోవాలి, తెలుసుకున్నదాన్ని కోర్టులో ఎలా నిరూపించాలి? డబ్బా ఆహారం మీద చట్టం అమలైన కథంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది. చట్టం ప్రతిసారీ సైన్సు ఒక పరీక్షనో ఒక కొలతనో చేతికిచ్చాకే ముందుకు కదిలింది. చాలాసార్లు అంతకుముందే మనుషులు చనిపోయారు.

పచ్చ బఠానీల సంగతి చూడండి. బఠానీని ఆకుపచ్చగా ఉంచేది పత్రహరితం. దాని అణువు నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. డబ్బాలో పెట్టి ఉడికించినప్పుడు బఠానీలో ఉన్న ఆమ్లమే ఆ మెగ్నీషియాన్ని బయటికి తోసేస్తుంది. దాని చోట హైడ్రోజన్ చేరి, గింజ మురికి గోధుమ రంగుకు తిరుగుతుంది. రుచి పోకపోయినా చూసినవాడు కొనడు. అందుకని పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులోని తయారీదారులు ఉడికించే నీళ్లలో మైలుతుత్తం కలిపేవాళ్లు. మెగ్నీషియం ఖాళీ చేసిన చోట రాగి చేరి గట్టిగా పట్టుకుంటుంది, ఎంత ఉడికించినా ఊడిరాదు. తాజా బఠానీకి కూడా లేని నిగనిగ వస్తుంది.

పట్టుకోవడం కష్టమేమీ కాదు. బఠానీని మెత్తగా నూరి, కాస్త ఆమ్లం కలిపి, శుభ్రంగా తోమిన ఇనుప మేకు అందులో ఉంచితే చాలు. రాగి తగినంత ఉంటే కొన్ని గంటల్లో మేకు మీద ఎర్రటి పూత పేరుకుంటుంది. లండన్ వైద్యుడు ఆర్థర్ హిల్ హసాల్ 1850లలో లాన్సెట్ పత్రిక తరఫున వందల నమూనాలు పరీక్షించి, పచ్చళ్ల సీసాల్లో రాగి ఉందని ఊరూ పేరూ సహా అచ్చు వేయించాడు. ఆ అలజడి వల్లే 1860 చట్టం వచ్చింది, అది చేతకానిదని తేలాక 1875లో మరో గట్టి చట్టం వచ్చింది.

రాగి ఉందని రుజువయ్యాక కూడా కేసులు నిలబడలేదు, కనీసం అన్ని చోట్లా నిలబడలేదు. ఆరోగ్యానికి హాని చేసే పదార్థం కలిపారని శిక్షించాలంటే హాని రుజువు కావాలి. ఇంత కొంచెం రాగి ఏమీ చేయదని చెప్పే డాక్టరును ముద్దాయి తరఫు వకీలు బోనెక్కించేవాడు. ఒక మేజిస్ట్రేటు జరిమానా వేస్తే మరొకరు కేసు కొట్టేసేవారు. 1875 చట్టంలో ఇంకో దారి ఉంది. అడిగిన వస్తువు స్వభావం, సారం, నాణ్యత వేరు, అమ్మింది వేరు అని చూపిస్తే చాలు, హాని ప్రస్తావన అక్కర్లేదు. ఆ మాటలు నూట ముప్పై ఏళ్లు దాటి మన దగ్గరికీ వచ్చాయి. మన 2006 ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 50వ సెక్షన్‌లో అవే మూడు మాటలున్నాయి.

రాగి అయితే బయటి నుంచి తెచ్చి కలిపిన వస్తువు. బయటిదేదీ కలపకుండా కుళ్లిన పండునే ఉడికించి డబ్బాకెత్తితే దాన్ని ఎలా పట్టుకోవాలి? ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడ.

1906 జూన్ 30న అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ శుద్ధ ఆహార, ఔషధ చట్టం మీద సంతకం చేశాడు. దాని వెనుక వ్యవసాయ శాఖలోని రసాయన విభాగాధిపతి హార్వీ వైలీ పాతికేళ్ల పోరాటం ఉంది. మురికిపట్టిన, కుళ్లిన, చీకిన జంతు లేదా వృక్ష పదార్థం మొత్తంగా గానీ కొంత భాగంగా గానీ ఉంటే ఆ ఆహారం కల్తీదే అని ఆ చట్టం అంది. హాని రుజువు చేయమనలేదు. చట్టాల్లో ఇంత సాహసమైన వాక్యాలు తక్కువ కనిపిస్తాయి.

వాక్యం అయితే ఉంది గానీ కెచప్ సీసా ముందు అది చేతులెత్తేసింది. ఆ రోజుల్లో అక్కడ కెచప్‌లో చాలా భాగం టొమాటోలను డబ్బాలకెత్తే ఫ్యాక్టరీల చెత్తతోనే తయారయ్యేది. తొక్కలు, తొడిమ దగ్గర కోసేసిన ముక్కలు, మెత్తబడి పక్కన పడేసిన కాయలు పీపాల్లో పోగయ్యేవి. పని తీరిక దొరికేదాకా అవి పులిసేవి, బూజు పట్టేవి. తర్వాత వాటిని ఉడికించి, వడగట్టి, మసాలా వేసి, మళ్లీ చెడిపోకుండా సోడియం బెంజోయేట్ కలిపేవాళ్లు. ఎర్రటి రంగు, లవంగం వాసన, చక్కెర తీపి ఉన్న సరుకు చూసి అది కుళ్లు కాయలతో చేసిందని ఎవరు చెప్పగలరు? సూక్ష్మజీవులను పెంచి చూద్దామంటే ఉడికేసరికి అన్నీ చచ్చిపోయి ఉంటాయి.

వైలీ దగ్గర సూక్ష్మదర్శిని ప్రయోగశాల నడిపిన బర్టన్ హోవర్డ్ ఒక సంగతి పట్టుకున్నాడు. బూజు చస్తుంది గానీ దాని శరీరం మాయం కాదు. టొమాటో కుళ్లేటప్పుడు బూజు సన్నటి పోగులుగా కండలోకి చొచ్చుకుపోతుంది. ఆ పోగుల గోడలు గట్టివి. ఉడికించినా, వడగట్టినా, చిక్కబెట్టినా పోగు పోగులాగే మిగులుతుంది. కాయను కోసిన రోజు అది ఎలా ఉందో సీసాలోని గుజ్జులో ఆ పోగులే చెబుతాయి. హోవర్డ్ 1911లో తన పద్ధతిని ప్రభుత్వ కరపత్రంగా అచ్చు వేశాడు. అందులో పట్టుకోవడం ఎలాగో చెప్పడంతో ఆగిపోలేదు, శుభ్రమైన సరుకు చేయడం ఎలాగో తయారీదారులకు సూచనలు కూడా ఇచ్చాడు. ఆ రెండో భాగం వల్ల అతనంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

పద్ధతి ఇది. ప్రత్యేకంగా చేయించిన గాజు పలక మీద గుజ్జు బొట్టు వేసి మూత పలక పెడితే లోపల పొర మందం సరిగ్గా 0.1 మిల్లీమీటరు ఉంటుంది. సూక్ష్మదర్శినిలో ఒకసారి కనిపించే గుండ్రటి క్షేత్రం వ్యాసం 1.382 మిల్లీమీటర్లు ఉండేలా సరిచేస్తారు. ఈ రెండు కొలతలూ కలిస్తే కంటి ముందున్న గుజ్జు పరిమాణం సరిగ్గా 0.15 ఘన మిల్లీమీటర్లు అవుతుంది. ప్రపంచంలో ఎక్కడ ఎవరు చూసినా అంతే గుజ్జు చూస్తారు. ఇప్పుడు పలకను జరుపుకుంటూ 25 చోట్ల చూడాలి, ఆ తర్వాత రెండో పలక మీద మరో 25 చోట్ల. ఒక చోట కనబడిన బూజు పోగుల్లో పొడవైనవి మూడింటి వరకు తీసుకుని, వాటి పొడవు మొత్తం క్షేత్రం వ్యాసంలో ఆరో వంతు దాటితే ఆ చోట బూజు 'ఉంది' అని రాయాలి. దాటకపోతే 'లేదు'. వందకు ఎన్ని చోట్ల 'ఉంది' అన్నదే బూజు లెక్క.

బూజు పోగునూ టొమాటో పీచునూ వేరుచేయడానికి కన్ను అలవాటుపడాలి. పోగు రెండు గోడలూ చివరిదాకా సమాంతరంగా సాగుతాయి, లోపల అడ్డగోడలు కనిపిస్తాయి, కొమ్మలు వేస్తుంది. టొమాటో పీచు అలా ఉండదు. యంత్రాలను రోజూ కడగని ఫ్యాక్టరీల్లో జియోట్రికమ్ అనే ఇంకో బూజు పెరుగుతుంది. దాని కొమ్మలు పక్షి ఈకలా విచ్చుకుని ఉంటాయి. అది కనిపిస్తే తప్పు పండుది కాదని, కడగని గొట్టానిదని విశ్లేషకుడు చెప్పగలడు.

'కుళ్లిన' అన్న విశేషణానికి కోర్టులో నిలబడే అంకె దొరికింది. పరిమితిని మొదట్లో వదులుగా పెట్టి, తయారీదారులు పద్ధతులు మార్చుకునే కొద్దీ బిగించారు. బెంజోయేట్ లేకుండా కెచప్ నిలవ ఉండదని చాలామంది వాదిస్తున్న రోజుల్లోనే, పిట్స్‌బర్గ్‌కు చెందిన హైంజ్ కంపెనీ మంచి కాయలు ఏరి, వెనిగరు, చక్కెర పెంచి, బెంజోయేట్ లేని కెచప్ అమ్మి చూపించింది. పరిమితి అన్నాక దాన్ని దాటవేసే ఎత్తు కూడా పుడుతుంది. 70 శాతం బూజున్న గుజ్జులో మంచి గుజ్జు కలిపి 35 శాతానికి దించవచ్చు కదా? అమెరికా నిబంధనలు దీన్ని సూటిగా నిషేధించాయి. లోపమున్న సరుకును మంచి సరుకుతో కలిపితే, చివరి అంకె పరిమితిలో ఉన్నా అది కల్తీయే.

ఈ లెక్క మన దేశానికీ వచ్చింది. పండ్ల ఉత్పత్తుల నిబంధనల్లో చాలాకాలం టొమాటో రసం, సాస్, కెచప్‌లకు చూసిన చోట్లలో 40 శాతం మించకూడదని, ప్యూరీ, పేస్టులకు 60 శాతం మించకూడదని ఉండేది. జామ్‌కూ 40 శాతమే. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తోతాపురి మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలకు ఇది పరాయి విషయం కాదు. జూన్, జూలైల్లో కాయల ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు బారులు తీరి, ఒక్కోసారి రోజుల తరబడి నిలబడతాయి. అడుగున ఉన్న కాయ నలిగి, పగిలి, బూజు పట్టేది ఆ వరుసలోనే. గేటు దగ్గర ఆలస్యం రైతుకు నష్టమని అందరికీ తెలుసు. అదే ఆలస్యం డబ్బాలోని గుజ్జు మీద కూడా రాసి ఉంటుంది.

అంకె దొరికినా ఎవరి మీద కేసు పెట్టాలన్న ప్రశ్న మిగిలింది. అమెరికన్లు తీసుకున్న దారి మనకు కొత్తగా తోస్తుంది. వాళ్లు సరుకు మీదే కేసు వేస్తారు. 1956లో ఒక అప్పీలు కోర్టు తీర్పు పేరు 'అమెరికా సంయుక్త రాష్ట్రాలు వర్సెస్ 1,500 పెట్టెల టొమాటో పేస్ట్'. ముద్దాయి పేస్టు కాబట్టి యజమాని ఉద్దేశం, తెలివి, అమాయకత్వం విచారణలోకి రావు. సరుకు కుళ్లినదా కాదా అన్నదొక్కటే తేలాలి. యజమాని వచ్చి వాదించుకోవచ్చు, రాకపోతే సరుకు జప్తయి ధ్వంసమవుతుంది. ముందు సరుకును జనం నోటికి దూరం చేసి, మనిషి నేరం సంగతి తర్వాత చూసుకునే ఈ వరుస నాకు సబబుగా తోస్తుంది.

హాని రుజువు కావాలా అన్న పాత పేచీ మన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, డబ్బా మీద కాదు, జీడిపప్పు మీద. 1954 ఆహార కల్తీ నిరోధక చట్టం మురికిపట్టిన, కుళ్లిన, పురుగుపట్టిన పదార్థాలను వరసగా చెప్పి, చివర 'లేదా మరే విధంగానైనా మనుషులు తినడానికి పనికిరానిది' అని ముగించింది. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ పెట్టిన ఒక కేసులో, 1970ల నడుమ ఒక ధర్మాసనం, పురుగు పట్టిందని చూపితే చాలదు, తినడానికి పనికిరాదని కూడా చూపాలంది. 1979లో అదే కార్పొరేషన్ మరో జీడిపప్పు కేసులో ఇంకో ధర్మాసనం ఆ 'లేదా'ను 'లేదా'గానే చదవాలని, కుళ్లినా పురుగుపట్టినా అదొక్కటే చాలునని తేల్చింది. 1906 నాటి వాక్యంలోని సాహసం మన కోర్టుల్లో స్థిరపడడానికి అంత కాలం పట్టింది.

అసలు భయపడాల్సిన డబ్బాలో బూజూ ఉండదు, రాగీ ఉండదు, కొన్నిసార్లు వాసన కూడా ఉండదు. 1919 ఆగస్టులో ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో ఒక విందులో కాలిఫోర్నియా ఆలివ్ పండ్లు తిన్నవాళ్లలో కొందరు చనిపోయారు, తర్వాత డెట్రాయిట్‌లోనూ అలాగే జరిగింది. క్లాస్ట్రిడియం బాట్యులినం అనే సూక్ష్మజీవి సిద్ధబీజాలు మరిగే నీటిలో గంటలకొద్దీ బతుకుతాయి. గాలి చొరబడని సీసా, డబ్బా వాటికి అనువైన చోటు. అక్కడ మొలకెత్తి, నరాలను చచ్చుబడేసే విషాన్ని వదులుతాయి. 1922లో ఎస్టీ, కార్ల్ మేయర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ బీజాలను చంపడానికి ఎంత వేడి ఎంతసేపు కావాలో కొలిచారు. తర్వాతి లెక్కల ప్రకారం 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర ప్రతి 0.21 నిమిషానికి పదింట తొమ్మిది వంతుల బీజాలు చస్తాయి. దాన్ని పన్నెండుసార్లు జరగనిస్తే, అంటే రెండున్నర నిమిషాలు దాటితే, డబ్బా భద్రం. ఆ వేడి డబ్బా నడిబొడ్డుకు చేరాలి, అంచుకు చేరితే చాలదు. గోల్డ్‌నర్ డబ్బాలు కుళ్లడానికి అప్పట్లోనే చెప్పిన ఒక కారణం అదే. అతను డబ్బాల సైజు పెంచాడు, లోపలి మాంసానికి వేడి చేరలేదు. పులుపు ఎక్కువున్న వాటిలో, అంటే పిహెచ్ 4.6 కన్నా తక్కువైతే, ఈ బీజాలు మొలకెత్తలేవు. మామిడి గుజ్జుకు ఆ రక్షణ ఉంది. బఠానీకి, పుట్టగొడుగుకు, చేపకు, మాంసానికి లేదు.

1971 వేసవిలో న్యూయార్క్ రాష్ట్రంలో బాన్ వివాన్ కంపెనీ బంగాళాదుంప సూప్ తాగి ఒక వ్యక్తి చనిపోయాడు, అతని భార్యకు పక్షవాతం వచ్చింది. ఆ బ్యాచ్‌లో 6,444 డబ్బాలు తయారయ్యాయి. వెనక్కి తెప్పించి మొదట పరీక్షించిన 324 డబ్బాల్లో విషం ఉన్నవి 5. అంటే వందకు ఒకటిన్నర. ఫ్యాక్టరీ ఆ బ్యాచ్ నుంచి సరుకు బయటికి పంపే ముందు ఎటుపడితే అటు 10 డబ్బాలు తీసి పరీక్షించి ఉంటే? పదీ మంచివే తగిలే అవకాశం 86 శాతం. 50 తీసినా విషం తగలకుండా తప్పిపోయే అవకాశం 46 శాతం. పరీక్షించిన డబ్బా ఎలాగూ అమ్మకానికి పనికిరాదు కాబట్టి అన్నిటినీ పరీక్షించడం కుదరదు.

ఈ లెక్కలోంచే చట్టం దారి మళ్లింది. అమెరికా 1938 చట్టం, ఆరోగ్యానికి హాని కలిగించగల పరిస్థితుల్లో తయారైన ఆహారం కూడా కల్తీయేనని అప్పటికే చెప్పి ఉంది. 1973లో వచ్చిన డబ్బా ఆహార నిబంధనలు దానికి కాళ్లూ చేతులూ ఇచ్చాయి. పులుపు లేని ఆహారాన్ని డబ్బాకెత్తే ప్రతి ఫ్యాక్టరీ ఎంత వేడిలో ఎంతసేపు ఉడికిస్తుందో ముందే ప్రభుత్వానికి తెలపాలి. ప్రతి విడతకూ థర్మామీటరు చూపిన అంకె, ఆవిరి పెట్టిన సమయం, తీసేసిన సమయం రాసి ఉంచాలి. తనిఖీకి వచ్చిన అధికారి డబ్బా కన్నా ముందు ఆ పుస్తకం అడుగుతాడు. పుస్తకంలో ఖాళీ ఉంటే, డబ్బాలో విషం దొరకకపోయినా ఆ సరుకు ఆగిపోతుంది.

మన దేశంలో చట్టం అమలు ఇప్పటికీ ఎక్కువగా శాంపిల్ మీదే నడుస్తోంది. 2006 చట్టం కింద ఆహార భద్రతా అధికారి నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తాడు. ఒకటి విశ్లేషకుడికి వెళుతుంది, హైదరాబాదులో అయితే నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాలకు. రెండు భాగాలు జిల్లా స్థాయి అధికారి దగ్గర ఉంటాయి. వ్యాపారి కోరితే నాలుగోది గుర్తింపు పొందిన మరో ప్రయోగశాలకు వెళుతుంది. సీలు డబ్బాను విప్పి పంచలేరు, విప్పితే బయటి క్రిములు చేరతాయి. అందుకే ఒకే బ్యాచ్ నంబరున్న డబ్బాలను విడివిడిగా ఉంచుతారు. విశ్లేషకుడు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే వ్యాపారి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. గడువులు ఇంత కచ్చితంగా రాయడానికి వెనుక పాత చేదు ఉంది. 1960లలో ఢిల్లీలో తీసిన ఒక పెరుగు శాంపిల్ కేసు ఆలస్యంగా పెట్టడం వల్ల, ముద్దాయి రెండో పరీక్ష కోరేసరికి పెరుగు చెడిపోయింది. అతని హక్కు పోయిందని సుప్రీంకోర్టు శిక్ష వేయడానికి ఒప్పుకోలేదు. డబ్బా ఆహారం ఈ ఒక్క విషయంలో ప్రాసిక్యూషన్‌కు మేలు చేస్తుంది, సీలు తీయనంతవరకు సాక్ష్యం చాలాకాలం చెక్కుచెదరదు.

నాణ్యత తక్కువ, లేబుల్ తప్పు వంటి కేసులు కోర్టు దాకా పోకుండా ఆంధ్రప్రదేశ్‌లో జాయింట్ కలెక్టర్, తెలంగాణలో అదనపు కలెక్టర్ ముందు జరిమానాతో తేలతాయి. ప్రాణం పోతే మాత్రం ఏడేళ్లకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా. మధ్యలో చిక్కుకునేది కిరాణా దుకాణదారుడు. డబ్బా తను నింపలేదు, తెరిచి చూడనూ లేడు. చట్టం 27వ సెక్షన్ అతనికి కొంత న్యాయం చేసింది, అతని బాధ్యతను కొన్ని సందర్భాలకే పరిమితం చేసింది. గడువు దాటినది అమ్మినా, అపరిశుభ్రంగా నిల్వ చేసినా, చెడిందని తెలిసి అమ్మినా, ఎవరి దగ్గర కొన్నాడో చూపలేకపోయినా అతనిదే బాధ్యత. అందుకే హోల్‌సేల్ బిల్లు పారేయని దుకాణదారుడు తెలివైనవాడు.

కొన్న మనకూ చట్టంలో చోటుంది. డబ్బా మూత ఉబ్బి, వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంటే అందులో వాయువు పుడుతోందని అర్థం. దాన్ని తెరవకూడదు, రుచి అసలే చూడకూడదు. బ్యాచ్ నంబరు, బిల్లు ఉంచుకుని జిల్లా ఆహార భద్రతా అధికారికి అప్పగించవచ్చు. లేదా 40వ సెక్షన్ కింద ఫీజు కట్టి విశ్లేషకుడి చేత మనమే పరీక్ష చేయించుకోవచ్చు. సరుకు చట్టానికి విరుద్ధమని తేలితే ఆ ఫీజు తిరిగి ఇస్తారు.